దుప్పుల దొడ్డిలో గూడబాతు

నాకు నోటి మీద అదుపు లేదని మా అమ్మ చిన్నప్పటి నుంచీ మొత్తుకునేది. ఆ వేసవిలో మాత్రం ఆ నోరే నాకు పనికొచ్చింది. అది జారకపోయి ఉంటే ఒక గూడబాతు లారీ ఎక్కి, ఎండకు దారిలోనే చచ్చిపోయేది.

తొంభైల చివర సంగతి. పలాస దాటాక జీడితోటల మధ్య ఒక చిన్న జంతువుల పార్కు ఉండేది. పెద్ద ఊళ్ళలోని జూలాగ ఊహించుకోకండి. పులి లేదు, ఏనుగు లేదు. నాలుగు దుప్పులు, మూడు నెమళ్ళు, కొన్ని కుందేళ్ళు, ఒక ముళ్ళపంది, ఒక పునుగుపిల్లి, ఎవరో పెంచలేక వదిలేసిన ఒక కోతి, దెబ్బలు తగిలి చేరిన మూడు పెద్ద పక్షులు. అంతే. నేను నందిగాం పశువుల ఆస్పత్రిలో కొత్తగా చేరిన డాక్టర్ని. వారానికి రెండు రోజులు ఆ పార్కు చూసిరమ్మని అదనపు డ్యూటీ వేశారు. గేదెల పొదుగువాపులూ మేకల కడుపుబ్బరాలూ చూసి విసిగిపోయిన నాకు ఆ రెండు రోజులూ పండగే. టెక్కలిలో మా ఇంటి నుంచి పొద్దున్నే పలాస బస్సెక్కి, కిటికీ పక్క సీటు దొరక్కపోయినా నవ్వుకుంటూ వెళ్ళేదాన్ని.

ఫాల్గుణంలో ఒక సాయంత్రం పెద్ద గాలివాన వచ్చింది. పార్కులో సరుగుడు చెట్టొకటి విరిగి సరిగ్గా పక్షుల గదుల మీద పడింది. ఇనుప వల చీలిపోయింది, గోడ కూలింది. దేవుడి దయవల్ల పక్షులకు ఈక కూడా ఊడలేదు. మూడు నెమళ్ళూ చింతచెట్టెక్కి కూర్చున్నాయి. రెండు రంగుల కొంగల్నీ గూడబాతునీ తాత్కాలికంగా టికెట్ల గదిలో పెట్టారు. మర్నాడు నేను వెళ్ళేసరికి గేటు దగ్గర జనం గుమిగూడి పడీ పడీ నవ్వుతున్నారు. టికెట్లిచ్చే కిటికీలోంచి గూడబాతు మూరెడు ముక్కు బయటికి పెట్టి, వచ్చినవాళ్ళ చేతుల కేసి చూస్తోంది.

నవ్వనిది రేంజరుగారొక్కరే. పార్కు ఆయన కిందే ఉండేది. మంచి మనిషే గాని కాగితం మనిషి.

"కొత్త గదులు ఇప్పట్లో రావమ్మా. ఈ కొంగల్నీ గూడబాతునీ పట్నం జూకి పంపించేద్దాం. లారీకి రాస్తున్నాను" అన్నారు.

ఆ గూడబాతుకు ఎడమ రెక్క విరిగి వంకరగా అతుక్కుంది. తడిగుడ్డ కప్పినా సరే, ఎండాకాలంలో పగలంతా లారీలో కుదుపులు అది తట్టుకోదు. డాక్టరుగా నాకా సంగతి తెలుసు. నోరు జారింది అప్పుడే.

"దుప్పుల దొడ్డిలో పెట్టేద్దాం సార్!"

"పక్షుల్నీ జంతువుల్నీ ఒక్క దొడ్డిలోనా? పొడుచుకుని చస్తే ఎవరిది బాధ్యత?"

"నాది" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను గాని ఏం లాభం.

ఆయన చేతిలోని కాగితం మడిచి, "సరే, నెల్రోజులు. ఈ నెలలో ఏ ఒక్కదానికి చిన్న గాయమైనా పక్షులు లారీ ఎక్కుతాయి. రోజూ రిజిస్టరు రాయండి. ఎవరెవర్ని కలుపుతారో, ఎక్కడెక్కడ పెడతారో పటం గీసి ఇవ్వండి" అన్నారు.

నా వెనక నిలబడి ఇదంతా విన్న మనిషి ఒకామె ఉంది. ఆమె గురించి చెప్పాలి.

ఆమెది ఉద్దానం వైపు సముద్రం ఒడ్డు పల్లె. నలభై దాటి ఉంటాయి. అంతకు ముందు నెత్తిన గంప పెట్టుకుని పలాస వీధుల్లో చేపలమ్మేది. నౌపడ దగ్గరి ఊళ్ళలో చింతచెట్ల మీద ఏటా గూళ్ళు కట్టే పక్షుల్ని అక్కడివాళ్ళు పురిటికొచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు. ఒక ఏడు అలాంటి చెట్టు మీంచి గూడబాతు కూన కిందపడి రెక్క విరగ్గొట్టుకుంటే, అటు చుట్టపు చూపుగా వెళ్ళిన ఈమె దాన్ని గంపలో పెట్టుకుని బస్సులో పార్కుకు తెచ్చింది. దానికి చేపలు పెట్టడానికి రోజూ వచ్చేది. చివరికి రేంజరుగారే, రోజూ ఎలాగూ వస్తున్నావు కదా అని, మేత వేసే పనిలో పెట్టుకున్నారు. గూడబాతుని ఆమె 'గుంట' అని పిలిచేది. మా వైపు ఆడపిల్లని అలాగే పిలుస్తాం. నేను ఆమెను, అక్కని పిలిచినట్టు, అప్పా అనేదాన్ని.

రేంజరుగారు అటు వెళ్ళగానే అప్ప నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లారీని ఆమె నారీ అనేది.

"డాట్టరమ్మా, నా గుంట నారీ ఎక్కితే బతకదు. నువ్వేటి సేత్తావో సెయ్యి."

"నేను చేస్తానప్పా. నువ్వు చెయ్యి వదులు ముందు, విరిగిపోతాది" అన్నాను.

చేస్తానని చెప్పానే గాని ఎలా చెయ్యాలో నాకేం తెలుసు! కాలేజీలో మా మాస్టారొకరు ఇచ్చిన జిరాక్సు కాగితాల కట్ట ఒకటి ఉంది. ఒకే ఆవరణలో వేరువేరు జాతుల్ని ఎలా కలపాలో అందులో ఉంది. ఆశగా విప్పాను. జిరాఫీల పక్కన ఏ పక్షి, ఖడ్గమృగం పక్కన ఏ పక్షి అని ముప్పై పేజీలు. పలాసలో జిరాఫీ ఎక్కడ తేను! ఒళ్ళుమండి కట్ట విసిరికొట్టి, మళ్ళీ నేనే ఏరుకుని, రూళ్ళ పుస్తకం తీసి గళ్ళు గీశాను. ఏది ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, ఎప్పుడు మేలుకుంటుంది, దేని జబ్బు దేనికి అంటుతుంది. జామచెట్టు కింద కూర్చుని రాస్తుంటే అప్ప వచ్చి నా పక్కన గొంతుక్కూర్చుంది.

"ఇన్ని గీతలేటి?"

ఒక్కో గడీ చదివి వినిపించాను. ఆమె మొత్తం విని తల అడ్డంగా ఊపింది.

"పడవకి మనుసుల్ని ఎంచీటప్పుడు ఇన్ని సూడరమ్మా. ఎవుడు ఎక్కడ కూకుంటాడు, అదొక్కటే సూత్తారు. ముక్కుకాడోడు ముక్కుకాడ. తెడ్డుకాడోడు తెడ్డుకాడ. వల ఇసిరీవోడు నడిమిన. నీల్లు తోడీవోడు కింద. ఒక్క సోటుకి ఇద్దర్ని ఎక్కించినావా, వల నీటిలో పడక ముందే కొట్టుకుంటారు. ఎంత మంచోల్లైనా కొట్టుకుంటారు."

నాకు ఒళ్ళు జలదరించింది. నిజంగా! ముప్పై పేజీల జిరాక్సు చెప్పలేక చెప్పిన మాటని ఈవిడ బీడీ కట్ట విప్పినంత తేలిగ్గా విప్పేసింది. నేల మీద ఉండేది, నీళ్ళలో ఉండేది, ఎత్తు మీద ఉండేది. ఒకరి చోటు ఒకరికి అక్కర్లేనివాళ్ళని కలపాలి!

"అప్పా, నువ్వు పడవ మీద ఎన్నేళ్ళు వెళ్ళావు?" అన్నాను ఉత్సాహం పట్టలేక.

ఆమె నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ఆడోల్లని పడవెక్కనిత్తారేటి మాకాడ? పుట్టినకాడ నుంచి ఒడ్డునే నిలబడి సూత్తన్నాను. మా అయ్యని, మా పెనిమిటిని. ఎవుడు ఎక్కడ కూకుంటాడో నాకు తెలిసినంత ఆల్లకీ తెల్దు."

ఇక మొదలెట్టాం ఎంపిక. అంత సరదా నాకు ఏ పెళ్ళిచూపుల్లోనూ కలగలేదు, నావాటితో సహా. దుప్పుల్లో కొమ్ముల పోతు వద్దన్నాను, దానికి మదమెక్కితే గూడబాతు ఏమిటి, గోడనైనా పొడుస్తుంది. దాన్ని పక్క దొడ్డికి మార్చేశాం. మూడు ఆడ దుప్పులకి నేల. నెమళ్ళకి రాత్రి ఎత్తు కావాలి, పగలు గింజలు కావాలి, వాటికి చింతకొమ్మ. కొంగలకీ గూడబాతుకీ నీళ్ళు, ఒడ్డున కాస్త బురద.

"కోతి?" అన్నాను.

"ఓలమ్మ, అదెక్కితే అదే సరంగు. మిగిలినోల్లందరూ నీల్లు తోడడమే."

కోతిని కొట్టేశాను. పునుగుపిల్లి అన్నాను.

"పడవలోకి పిల్లినెక్కించుకుని సేపలకి ఎవుడ్ని కాపలా ఎడతావు?"

అదీ పోయింది. ముళ్ళపంది పగలంతా నిద్రపోయి, మిగతావాళ్ళు పడుకున్నాక లేచి కంచె కింద గోతులు తవ్వుతుందని నేనే వద్దన్నాను. కుందేళ్ళ మీద మాత్రం ఇద్దరికీ గొడవైంది. వాటికి పొదల కింద చోటుంది కదా, ఎవరికీ అడ్డం రావు, ఎక్కించీ అని అప్ప. కొంగ కుందేలు పిల్లని కప్పని మింగినట్టు మింగేస్తుందని నేను. "మెతకదాన్నలా అంటావేటి" అని కొంగ తరఫున రోషపడింది. చివరికి ఒప్పుకుంది.

పటం గీశాను. ఆ దొడ్డి పొడుగ్గా ఉండి రెండు కొసలా సన్నబడుతుంది. తూర్పు కొస దుప్పుల మేత, నడుమ చింతచెట్టు, దాని కింద గింజల అరుగు, పడమర కొస చిన్న చెరువుగుంట, దానికీ దుప్పులకీ మధ్య మోకాలెత్తు రాళ్ళ వరస. తాగే నీళ్ళు దుప్పులకి వేరే తొట్టిలో, పక్షుల రెట్టలు పడకుండా. అప్ప పటం తిప్పి తిప్పి చూసి, "పడవలాగే ఉందమ్మా" అంది.

వదిలే రోజు వచ్చింది. ముందు నెమళ్ళు, తర్వాత కొంగలు. చివరికి అప్ప గూడబాతుని చంకలో పెట్టుకుని తెచ్చి చెరువు ఒడ్డున దించింది. దుప్పులు మూడూ తోకలు లేపి తూర్పు కొసకు పారిపోయాయి. గూడబాతు ఒకసారి సంచీ సాగదీసి ఆవులించింది. ఆ సంచీ చూసి పెద్ద దుప్పి ముందుకాలు నేలకేసి టకటకా కొట్టింది. నేను కంచె పట్టుకుని వంగి చూశాను. గూడబాతు దాని మొహం కూడా చూడకుండా నీళ్ళలోకి జారి తేలింది. అయిదు నిమిషాలకి దుప్పి మేత అందుకుంది. నేను గెంతాను. డాక్టరమ్మ గెంతుతోందని చూడ్డానికొచ్చిన పిల్లలందరూ గెంతారు.

ఆ నెలంతా నేను రోజూ పొద్దున్నే పార్కుకి వెళ్ళి, రిజిస్టరు రాసి, ఆ తర్వాతే ఆస్పత్రికి వెళ్ళేదాన్ని. పదకొండు రోజులు అలా హాయిగా గడిచిపోయాయి. కొంగలు బురదలో ఒంటికాలి మీద నిలబడేవి. నెమలి దుప్పుల వీపుల మీద గోమార్లు ఏరడానికి నేల మీదికొచ్చేది. పటంలో లేని ఆ స్నేహాన్ని చూసి మురిసిపోయాను. జనం బాగా వస్తున్నారని రేంజరుగారు కూడా ఒకరోజు నవ్వినట్టు గుర్తు.

పన్నెండో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి చిన్న దుప్పి ముక్కు మీద ఎర్రగా బెజ్జం. కొంగ ముక్కు పోటు. లోతు లేదు, ప్రమాదం లేదు, కానీ గాయం గాయమే.

కోపమొస్తే నా నోట్లో చదువు ఉండదు. "ఏటి సేసినావప్పా? దుప్పి అటెందుకెల్లింది? రాల్లు దాటి సేపలకాడికి దుప్పికేటి పని?" అని అరిచాను.

"నాకేటి తెలుసు! నాలుగు దినాల నుంచి వస్తంది. సేపలు ఏసిన బండ నాకుతంది. తన కూడు తినేత్తందనుకోని కొంగ పొడిసినాది."

బండని నాకుతోందా? రాళ్ళు దాటి వెళ్ళి చూశాను. చేపలు వేసే నల్లబండ మీద తెల్లటి పొర. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పు!

"చేపలకి ఉప్పేశావా?"

"మరెయ్యరేటి! ఎండలో సేప పాడవదా? నౌపడ ఉప్పు గుప్పెడు జల్లి తెత్తన్నాను. సేప ముట్టుకున్న సెయ్యి ఉప్పు ముట్టుకోకుండా ఉంటాదేటమ్మా?"

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఆమె చేతికి అలవాటైన పని అది. పక్షులకి ఉప్పుచేపలు మంచివి కావని తిట్టడానికి నోరు తెరిచి, సగంలో ఆగిపోయాను. దుప్పి అంత ఆత్రంగా ఉప్పు కోసం ఎందుకు వెళ్ళింది? దానికి ఇక్కడ ఉప్పు లేదు గనక. అడవిలో దుప్పులు చవిటినేల వెతుక్కుని మరీ నాకుతాయి. పాత మేతలో ఎప్పుడో వేసే ఉప్పుగల్లు ఈ మార్పుల్లో మానేశాం. నేను ఇన్ని గళ్ళు గీశాను, ఉప్పుకి గడి గియ్యలేదు.

రిజిస్టరు తీశాను. అప్ప నా కలం మీద చెయ్యి వేసింది.

"రాయకమ్మా. మానిపోతాది. ఎవుడు సూడొచ్చినాడు? నువ్వు రాసినావంటే నా గుంట ఎల్లిపోద్ది."

నాకూ రాయాలని లేదు. ఏడుపొచ్చింది. నెలలో ఏ ఒక్క గాయమైనా, అని ఆయన మాట చెవిలో గింగురుమంటోంది. కానీ ఈరోజు దాస్తే రేపు ఇంకోటి దాస్తాను. ఎవరు ఎందుకు పొడిచారో ఎవరికీ తెలియదు, ఏదీ చక్కబడదు. "రాస్తానప్పా. నా తప్పు కూడా రాస్తాను" అన్నాను. ఆమె చెయ్యి తీసేసి, మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మాట్లాడలేదు గాని పని మాత్రం నాకంటే ముందు చేసింది. చేపల్ని ఉప్పు లేకుండా తడి గోనెలో చుట్టి తేవడం మొదలెట్టింది. బండ కడిగి కడిగి అరగదీసింది. తూర్పు కొసన నౌపడ ఉప్పుగల్లు పెద్దది తాడుతో కట్టాం. జీడిపళ్ళ కాలం కదా, చేపలేసే వేళకి దుప్పుల వైపు జీడిపళ్ళు వెయ్యాలని తనే కనిపెట్టింది. గింజ పెంకులోని జీడినూనె దుప్పుల మూతులు కాల్చకుండా ఒక్కో పండుకీ గింజ మెలితిప్పి తీసేది. అటు పళ్ళ తట్ట గుమ్మరించి, వెంటనే ఇటు వచ్చి చెరువు గట్టు మీద రోజూ ఒకే రాయి ఎక్కి నిలబడేది. అప్పుడు చేపలు. ఒక్క దుప్పి కూడా మళ్ళీ రాళ్ళు దాటలేదు.

నెల నిండిన రోజు రేంజరుగారు వచ్చారు. గేటు బయట లారీ కూడా వచ్చి ఆగింది.

ఆయన రిజిస్టరు తిరగేసి పన్నెండో రోజు దగ్గర ఆగారు. "గాయం రాశారు."

"అవును సార్. దుప్పులకి ఉప్పు పెట్టడం మరిచాను. తప్పు నాది."

"నాది బాబూ!" అంటూ అప్ప ముందుకొచ్చింది. "డాట్టరమ్మకేటి తెలుసు. సేపలకి ఉప్పు జల్లింది నాను. పిట్టది తప్పు నేదు. నన్ను పంపీండి బాబూ, నాను మల్లీ గంప నెత్తినెట్టుకుంటాను. గుంటని మాత్రం నారీ ఎక్కించకండి."

"నువ్వు ఆగప్పా!"

"నువ్వు ఆగు!"

రేంజరుగారు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపారు. "ముందు మేత వెయ్యండి. చూస్తాను" అన్నారు.

అప్ప జీడిపళ్ళ తట్ట తీసుకుని తూర్పుకి నడిచింది. కంగారులో తట్ట వంచి పట్టుకుందో ఏమో, పళ్ళు దారి పొడుగునా జారిపడ్డాయి. ఆ పళ్ళ వెంట చిన్న దుప్పి మెల్లగా పడమరకి రావడం మొదలెట్టింది. ఇటు గూడబాతు ఆకలికి ఆగలేక చెరువులోంచి లేచి తపతపా నడుస్తూ రాళ్ళ దగ్గరికొచ్చింది. కొంగ ఒకటి దాని వెనకే. ఇంకో నాలుగడుగులు! నేను కంచె లోపలికి దూకబోయాను. రేంజరుగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

అప్ప అరవలేదు, పరిగెత్తలేదు. ఖాళీ తట్ట అక్కడే వదిలి, పక్కనుంచి తిరిగొచ్చి, చెరువు గట్టు మీద తన రాయి ఎక్కి నిలబడింది. అంతే. గూడబాతు ఆగింది. తల తిప్పి ఆమెను చూసింది. గిరుక్కున వెనక్కి మళ్ళి నీళ్ళలోకి దిగింది. కొంగ కూడా మళ్ళింది. చిన్న దుప్పి పండు నములుతూ రాళ్ళకి అవతలే నిలబడిపోయింది. నెమలి అరుగెక్కింది. నాలుగు క్షణాల్లో ఎవరి చోట్లో వాళ్ళున్నారు. నేను చప్పట్లు కొట్టేశాను.

రేంజరుగారు నా పటం అడిగి తీసుకుని చాలాసేపు చూశారు.

"దుప్పులున్నాయి, నెమళ్ళున్నాయి, కొంగలున్నాయి. ఇందులో ఈవిడ ఏదమ్మా?" అన్నారు.

ఆయనే జేబులోంచి పెన్ను తీసి, చెరువుగుంట పక్కన, సరిగ్గా ఆ రాయి ఉన్నచోట, ఒక చుక్క పెట్టారు. కింద రాశారు: ఈమె మేత వేసినంత కాలం పక్షులు ఇక్కడే ఉండవచ్చు. సంతకం చేసి, లారీవాడికి వెళ్ళిపొమ్మని చేత్తో సైగ చేశారు.

అప్ప తడిచేతులు చీరకి తుడుచుకుంటూ వచ్చి పటంలోకి తొంగిచూసింది. ఆమెకి చదువు రాదు.

"ఈ సుక్కేటమ్మా? ముందు నేదు కదా?"

"నువ్వేనప్పా" అన్నాను.

ఆమె ఆ చుక్క మీద వేలు పెట్టి, అటు కొసా ఇటు కొసా మళ్ళీ చూసుకుంది. తర్వాత కంచె దగ్గరికి పరిగెత్తి, జనమందరూ తిరిగి చూసేలా అరిచింది.

"సూసినావేటే గుంటా! మీ యమ్మ పడవెక్కీసినాది!"